ఎకరం లాన్‌కు ఎంత బండి కావాలి?

(అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో కొత్తగా ఇళ్ళు కొనుక్కున్న తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

రైడింగ్ మోవర్, అంటే మీద కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి, కొనబోయే మనవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. హోమ్ డిపో లాంటి పెద్ద దుకాణం ముందు వరుసగా నిలబెట్టిన రెండువేల చిల్లర డాలర్ల బండి సరిపోతుందా, లేక డీలరు దగ్గరకు వెళ్ళి ఆరువేలో ఏడువేలో పెట్టి పైతరగతి బండి తీసుకోవాలా? బండి గురించి అడిగితే నేను నేల గురించి తిరిగి అడుగుతాను కాబట్టి నా సమాధానం చాలామందికి రుచించదు. కోయవలసిన గడ్డి ఎంత, అందులో వాలు ఎంత, ఏడాదికి బండి ఎన్ని గంటలు నడుస్తుంది అన్న మూడు సంగతులు తేలకుండా చవకది మంచిదా, ఖరీదైనది మంచిదా అని వాదించుకుంటే తెల్లవార్లూ వాదించుకోవచ్చు. అవి తేలితే వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

కొత్త సబ్‌డివిజన్లలో, అంటే ఇళ్ళ కాలనీలలో, పావు ఎకరం, అంతకంటే తక్కువ స్థలం ఉన్నవారికి ఈ ప్రసంగంతో పనిలేదు. వారికి వెనక నడుస్తూ తోసే మోవర్ చాలు, మిగిలిన డబ్బుతో మంచి పచ్చిక విత్తనం కొనుక్కోవచ్చు. అర ఎకరం దాటినవారి గురించే నేను మాట్లాడుతున్నాను. ఎకరమంటే ఇక్కడా 43,560 చదరపు అడుగులే, మన ఊళ్ళలోనూ అంతే; ఆంధ్రలో నూరు సెంట్లు, తెలంగాణలో నలభై గుంటలు. కనుక కొలత మనకు కొత్త కాదు. అయితే డీడ్‌లో, అంటే దస్తావేజులో, ఎకరం అని రాసి ఉన్నంత మాత్రాన ఎకరం గడ్డి ఉన్నట్టు కాదు. ఇల్లు, డ్రైవ్‌వే, వెనక పేషియో, చెట్ల కింద మల్చ్ (చెక్కపొట్టు) పరిచిన చోటు, అడవిలాగే వదిలేసిన వెనక భాగం తీసేస్తే మిగిలేది ముప్పై వేల చదరపు అడుగులకు అటూఇటూగా, అంటే డెబ్బై సెంట్ల దరిదాపుల్లో ఉండటం మామూలు. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, దూరం కొలిచే సాధనంతో గడ్డి చుట్టూ గీత గీసి మొదటి బిందువుకే తీసుకువచ్చి కలిపితే వైశాల్యం అదే చూపిస్తుంది. దుకాణానికి వెళ్ళేముందు ఈ పని చేయండి.

ఇక కాలం లెక్క. గంటకు ఎన్ని మైళ్ళ వేగంతో కోస్తామో ఆ సంఖ్యను అంగుళాలలో కోత వెడల్పుతో గుణించి 99తో భాగిస్తే, గంటకు ఎన్ని ఎకరాలు కోయవచ్చో కాగితం మీద వస్తుంది. 42 అంగుళాల కోత వెడల్పున్న డెక్‌తో (బ్లేడ్ల మీది గుల్ల) 4 మైళ్ళ వేగంలో వెళితే 1.7 ఎకరాలు. మలుపులు, చెట్ల చుట్టూ తిరగడం, ఒక వరుస మీద ఇంకో వరుస కొంచెం ఎక్కించి కోయడం, వీటన్నిటికీ నాలుగో వంతు దాకా పోతుందనుకుంటే 1.3 ఎకరాలు మిగులుతుంది. డెబ్బై సెంట్లకు అరగంట పైచిలుకు. అదే 54 అంగుళాల జీరో టర్న్ (ఉన్నచోటే గిరుక్కున తిరిగే మోవర్) మీద 6 మైళ్ళ వేగంతో కోస్తే పని పదిహేడు, పద్దెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. ఆ పావుగంట మిగులు కోసం మూడు రెట్ల ధర పెట్టాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. ఐదు ఎకరాలున్న వారికైతే ఆ పావుగంటే రెండు గంటలవుతుంది, అప్పుడు లెక్క మారిపోతుంది.

మన జార్జియాలో బెర్ముడా గడ్డి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పెరుగుతుంది. వారానికొక కోత చొప్పున ముప్పై కోతలు వేసుకున్నా, వానలు బాగా పడిన వారాల్లో రెండోసారి కోసినా, శరదృతువులో రాలిన ఆకులను బ్లేడు కింద నలగ్గొట్టినా, డెబ్బై సెంట్ల యజమాని బండి ఏడాదికి పాతిక గంటలకు మించి నడవదు. ఈ పాతిక గంటలన్న అంకెను గుర్తుంచుకోండి.

ఎందుకంటే తయారీదారు తన బండి గురించి తాను ఏమనుకుంటున్నాడో వారంటీ కాగితంలో గంటల రూపంలో రాసి ఇస్తాడు. జాన్ డీర్ లాన్ ట్రాక్టర్లనే తీసుకోండి. వంద సిరీస్‌కు రెండేళ్ళు లేదా 120 గంటలు, రెండు వందల సిరీస్‌కు మూడేళ్ళు లేదా 200 గంటలు, ఎక్స్300కు నాలుగేళ్ళు లేదా 300 గంటలు, ఎక్స్500కు నాలుగేళ్ళు లేదా 500 గంటలు, ఎక్స్700కు నాలుగేళ్ళు లేదా 700 గంటలు. ఏది ముందు వస్తే అది. మోడల్ సంఖ్యకూ గంటలకూ ఉన్న ఈ పొంతన చూస్తే ఏ తరగతి బండిని ఎంత పనికి ఉద్దేశించారో అమ్మేవాడి నోటి మాట అవసరం లేకుండానే తెలుస్తుంది. గడ్డి కోసి బతికే కాంట్రాక్టరు చేతిలో 120 గంటలు నెల, నెలన్నరలో అయిపోతాయి. మన డెబ్బై సెంట్ల యజమానికి అవే 120 గంటలు దాదాపు ఐదేళ్ళ పని. చవక బండి నాసిరకం అని ఎవరైనా అన్నప్పుడు, ఎవరి చేతిలో నాసిరకం అని నేను అడిగేది అందుకే.

ఇప్పుడు ధరలో తేడా ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. దుకాణంలో మనిషి కన్ను ముందు ఇంజిను మీద పడుతుంది, తరువాత సీటు మీద, ఆ తరువాత రంగు మీద. డబ్బులో పెద్ద వాటా మాత్రం వెనక చక్రాల మధ్య, ఫెండరు కింద, మామూలుగా ఎవరూ వంగి చూడని చోట ఉంటుంది. అక్కడ ఉండే అల్యూమినియం గూడును హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ అంటారు. ఇంజిను నుంచి వచ్చిన బెల్టు దాని పంపును తిప్పుతుంది, పంపు నూనెను ఒత్తిడితో లోపలి మోటారులోకి నెడుతుంది, మోటారు ఇరుసును తిప్పుతుంది. గేర్లు మార్చే పని లేకుండా పెడలు నొక్కిన కొద్దీ వేగం పెరగడానికి కారణం ఇదే. పని చేసేది నూనె కాబట్టి దాని శత్రువు వేడి. పెనం మీద కాగిన నూనె ఎంత పలచగా పారుతుందో వంట చేసే ప్రతివారికీ తెలుసు. ఇక్కడా అంతే, వేడికి పలచబడిన నూనె పంపు, మోటారుల లోపలి సన్నని సందుల గుండా జారిపోతుంది, చక్రానికి చేరవలసిన ఒత్తిడి చేరదు, పెడలు అడుగంటా నొక్కినా బండి వాలు ఎక్కలేక నిలబడిపోతుంది. పదిహేను నిమిషాలు నీడలో పెడితే మళ్ళీ కదులుతుంది. ఈ లక్షణం కనిపించిందంటే లోపల అరుగుదల మొదలైనట్టు అనుమానించాలి.

టెనెసీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్‌లో టఫ్ టార్క్ అనే కంపెనీ ఉంది. అది తయారుచేసే కె46 అనే ట్రాన్స్‌మిషన్ ఏళ్ళ తరబడి ఒక కంపెనీ అనకుండా రకరకాల రంగుల చవక ట్రాక్టర్లలో వస్తూ ఉంది. అంటే పచ్చ బండి గొప్పదా, నారింజ బండి గొప్పదా అని రెండు కుటుంబాలు పోట్లాడుకుంటున్నప్పుడు ఆ రెండింటి కింద ఒకే పెట్టె ఉండవచ్చు. చదును నేల మీద, తేలిక పనికి కె46 చెడ్డది కాదు. దాన్ని ఆ పనికే తయారుచేశారు. అయితే దానికి నూనె తీసే డ్రెయిన్ ప్లగ్ ఉండదు, బయటినుంచి మార్చుకునే ఫిల్టరు ఉండదు. పదేళ్ళ తరువాత కూడా మొదటి రోజు పోసిన నూనెతోనే అది నడవాలి. ఎక్స్500 తరగతికి వెళితే నూనె, ఫిల్టరు మార్చుకునే వీలు, రెండు వెనక చక్రాలూ కలిసి తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్, లావైన ఇరుసులు వస్తాయి. జీరో టర్న్‌లలోనూ ఇదే భేదం. ఇలినాయ్‌లోని హైడ్రో గేర్ కంపెనీ చేసే ఈజీటీ రకానికి బయట ఫిల్టరు ఉండదు, జెడ్‌టీ 2800 నుంచి పైకి ఉంటుంది. ఏ బండి చూసినా బ్రోషరులో ఇంజిను పేరు పెద్ద అక్షరాలలో, ట్రాన్స్‌మిషన్ పేరు చిన్న అక్షరాలలో ఉంటుంది. మీరు చిన్న అక్షరాలు ముందు చదవండి. అసలు ఆ పేరే ముద్రించకపోతే అది ఏ తరగతిదో ఊహించడం కష్టం కాదు.

చవక ట్రాక్టరులో ఈ పెట్టె పోతే కొత్తది వేయించడానికి కూలీతో కలిపి బండి ధరలో సగం దాకా అవుతుంది. అందుకే చాలామంది ఆ దశలో బాగుచేయించరు, బండినే పారేస్తారు. వాలులేని నేల మీద ఆ దశ రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఇక్కడ, అపలాచియన్ పర్వతపాదాలలో, సానీ కొండ చుట్టుపక్కల, లేక్ లానియర్ వైపు జారే స్థలాలలో అది త్వరగా వస్తుంది. అందుచేత నేలను కొలిచేటప్పుడు వాలును కూడా కొలవండి. ఆరడుగుల చెక్క ఒకటి వాలు మీద పరిచి, దాని మీద ఫోను పెట్టి, మట్టం చూసే యాప్‌లో డిగ్రీలు చదవండి. పదడుగుల దూరానికి రెండడుగుల ఎనిమిది అంగుళాలు పైకి లేస్తే అది 15 డిగ్రీలు. మామూలు ఇళ్ళకు వాడే మోవర్ల మాన్యువల్స్ చాలావరకు 15 డిగ్రీలు దాటవద్దంటాయి, కొన్ని 10కే ఆపేస్తాయి. స్థలంలో సగానికి పైగా 8, 10 డిగ్రీల వాలు ఉంటే నేను చవక ట్రాక్టరు వద్దనే చెబుతాను. ఎక్కడో ఒక మూల మాత్రమే ఉంటే ఆ మూల కోసం నాలుగువేల డాలర్లు అదనంగా పెట్టవద్దంటాను.

ఇంజిను గురించి చాలా తక్కువ చెబుతాను, ఎందుకంటే దాని గురించి మీరు ఇప్పటికే ఎక్కువ విన్నారు. హార్స్‌పవర్ అంకెలను అంత నమ్మకండి. ఆ అంకెలను పెంచి చెప్పారని దాదాపు పేరున్న తయారీదారులందరి మీదా నడిచిన వ్యాజ్యం 2010లో విస్కాన్సిన్‌లోని ఫెడరల్ కోర్టులో రాజీతో ముగిసింది. ఆరున్నర కోట్ల డాలర్ల పరిహార నిధి ఏర్పడింది. ఆ తరువాత చాలా డబ్బాల మీద హార్స్‌పవర్ బదులు సీసీలు, టార్క్ కనిపించడం మొదలైంది. చూడవలసినవి రెండే: సిలిండరు ఒకటా, రెండా, ఆయిల్ ఫిల్టరు ఉందా, లేదా. డెబ్బై సెంట్లకు ఒక సిలిండరు చాలు, కాస్త అదరడం, కాస్త చప్పుడు తప్ప నష్టం లేదు. ఎకరంన్నర పైన ఉంటే రెండు సిలిండర్ల ఇంజిను తీసుకుంటే వేడి వేసవిలో తడిగడ్డి దగ్గర నీరసించదు. కవాసాకీ ఇంజిన్లలో ఎఫ్ఆర్ రకం ఇళ్ళకోసం, ఎఫ్ఎస్, ఎఫ్ఎక్స్ వృత్తిపనికి. పేరు చూసి సంతోషించేముందు తరువాతి అక్షరం చూడండి.

డెక్ దగ్గర కొంచెం నిలబడదాం. డెక్ అంటే బ్లేడ్ల మీద బోర్లించిన ఇనప గుల్ల. చవక బండ్లలో దాన్ని 12, 13 గేజ్ రేకును ప్రెస్‌లో నొక్కి తీస్తారు. పైతరగతిలో 10, ఇంకా పైకి 7 గేజ్ పలకలను కోసి వెల్డింగ్ చేస్తారు. గేజ్ సంఖ్య తగ్గిన కొద్దీ మందం పెరుగుతుంది: 13 గేజ్ రెండుంపావు మిల్లీమీటర్లు, 10 గేజ్ మూడు పాయింట్ నాలుగు, 7 గేజ్ నాలుగున్నర. అమ్మేవాళ్ళు వెల్డింగ్ డెక్ గొప్పదని గట్టిగా చెబుతారు. చెట్ల మొదళ్ళకు, రాళ్ళకు రోజూ తగిలించే కాంట్రాక్టరుకు ఆ మాట నిజం. ఇంటి లాన్‌కు మాత్రం ఆ మాటను సగమే తీసుకోవాలి, ఎందుకంటే ప్రెస్‌లో తీసిన గుల్లకు మూలలు గుండ్రంగా ఉండి గాలి సాఫీగా తిరుగుతుంది, కోసిన గడ్డి గుత్తులు కట్టకుండా బయటకు పోతుంది. నాలుగు పలకలు అతికిన డెక్‌లో మూలల దగ్గర తడిగడ్డి పేరుకుంటుంది. జాన్ డీర్ వాళ్ళ సెవెన్ ఐరన్ డెక్ 7 గేజ్ పలకనే ప్రెస్‌లో నొక్కి తీసినది. కాబట్టి ప్రెస్‌లో తీసినదంతా చవక అనుకోవడమూ పొరపాటే. పల్చని డెక్‌ను చంపేది దెబ్బల కంటే తుప్పు. కోత అయ్యాక గడ్డి గుజ్జు డెక్ లోపలి అంచుకు పచ్చగా అతుక్కుంటుంది, రెండు రోజుల్లో నల్లబడి గట్టిపడుతుంది, ఆ పొర కింద తేమ వారాల తరబడి ఆరదు. నెలకోసారి ప్లాస్టిక్ గీకుడుతో ఆ పొరను తీసేస్తే 13 గేజ్ డెక్ కూడా మీ గృహరుణం సగం తీరేదాకా ఉంటుంది.

దుకాణంలో మీరు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది, దానికి మోకాళ్ళ మీద కూర్చోవడానికి సిగ్గుపడకూడదు. డెక్ మీద బెల్టు తిప్పే కప్పీల కింద బ్లేడు ఇరుసులు, అంటే స్పిండిళ్ళు ఉంటాయి. వాటి గూడు పల్చని అల్యూమినియమా, పోత ఇనుమా చూడండి. గ్రీజు పట్టించే నిపుల్ ఉందా లేదా చూడండి. నిపుల్ లేదంటే బేరింగు మూసేసినది, అరిగితే మార్చుకోవడమే. ముందు చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూఇటూ ఊపండి. చవక బండిలో చక్రం లోపల బుష్ మాత్రమే ఉంటుంది, పైతరగతిలో బేరింగు ఉంటుంది. ముందు ఇరుసు మడిచిన రేకా, పోతపోసిన ఇనుమా వేలితో తట్టి చూస్తే తెలుస్తుంది. స్టీరింగ్ చక్రం కింద పళ్ళచక్రం రేకుతో కత్తిరించినదైతే కొన్నేళ్ళకు పళ్ళు అరిగి, స్టీరింగ్‌లో ఆట వస్తుంది. విడిభాగం ఖరీదు తక్కువే, విప్పి బిగించే ఓపిక ఉండాలి. ఇవన్నీ చూస్తుంటే అమ్మే కుర్రవాడు మిమ్మల్ని వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

జీరో టర్న్ గురించి మనవాళ్ళలో ఒక మోజు ఉంది. పక్కింటాయన కొన్నాడు, చెట్ల చుట్టూ గిరగిరా తిరుగుతున్నాడు, చూడటానికి బాగుంది. చెట్లు ఎక్కువగా ఉన్న చదును స్థలానికి దాన్ని మించినది లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కాని దాని ముందు చక్రాలు బరువు మోయడానికే తప్ప దిశ మార్చడానికి కావు. తిప్పేది, ఆపేది రెండూ వెనక చక్రాలే. తడి వాలు మీద వెనక చక్రాల పట్టు జారిందంటే స్టీరింగ్, బ్రేకు రెండూ ఒకేసారి పోయినట్టే. వాలు చివర చెరువో, మట్టిని ఆపే గోడో ఉన్న ఇంటికి జీరో టర్న్ కొనవద్దని నేను మొహమాటం లేకుండా చెబుతాను. ట్రాక్టరు మీదైనా వాలును నిలువునా, పైకీ కిందికీ కోయాలి, అడ్డంగా కాదు. అలాగే పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కోయడం మన ఇళ్ళలో ముద్దుగా సాగుతోంది, ఫోటోలు కూడా పెడుతున్నారు. అది ఏ బండి మీదా, ఏ ధర బండి మీదా, ఒక్కసారి కూడా చేయకూడదు.

ఎక్కడ కొనాలన్న దాని మీద ఒక అపోహ తిరుగుతోంది. పెద్ద దుకాణంలో అమ్మే జాన్ డీర్ వేరు, డీలరు అమ్మేది వేరు అంటారు. మోడల్ సంఖ్య ఒకటే అయితే బండి ఒకటే. తేడా సిరీస్‌లో ఉంది. డీలరు దగ్గర ఎక్స్500, ఎక్స్700 కూడా ఉంటాయి, పెద్ద దుకాణంలో కింది తరగతి బండ్లే ఎక్కువగా ఉంటాయి. అయితే డీలరు బండిని మీకు అప్పగించేముందు టైర్లలో గాలి సరిచేసి, డెక్ మట్టం చూసి, బోల్టులు బిగిస్తాడు. పెద్ద దుకాణం నుంచి తెచ్చుకుంటే ఆ పని మీది. రవాణా కోసం టైర్లలో గాలి ఎక్కువ కొట్టి ఉంటుంది, రెండు పక్కలా ఒకేలా ఉండదు కూడా; అలాగే కోస్తే లాన్ మీద ఒక పక్క మెట్లు పడతాయి. గాలి సరిచేసి, బ్లేడు ముందు కొన వెనక కొన కంటే ఎనిమిదో వంతు నుంచి పావు అంగుళం కిందికి ఉండేలా డెక్ సర్దుకుంటే, చవక బండి కోత నాసిగా ఉందని ఫిర్యాదు చేసేవారిలో సగం మందికి ఫిర్యాదు ఉండదని నా అభిప్రాయం. ఇంకో మాట, దుకాణానికి వెళ్ళేముందు మీ పెరటి కంచె గేటు వెడల్పు కొలుచుకోండి. నాలుగడుగుల గేటులో 54 అంగుళాల డెక్ ఏ మంత్రంతోనూ దూరదు.

డబ్బు లెక్క స్థూలంగా చెబుతాను, ధరలు ఏటా మారుతుంటాయి కాబట్టి అంకెలను సుమారుగానే తీసుకోండి. 2,300 డాలర్ల బండి ఏడాదికి పాతిక గంటల చొప్పున పన్నెండేళ్ళలో 300 గంటలు నడిస్తే గంటకు ఎనిమిది డాలర్ల లోపు. 6,500 డాలర్ల బండి అదే 300 గంటలకు గంటకు దాదాపు ఇరవై రెండు. కాకపోతే అప్పటికి దానిలో ఇంకా సగం ఆయుష్షు ఉంటుంది, అమ్మితే మంచి ధరా వస్తుంది. కోతకు యాభై డాలర్ల చొప్పున ముప్పై కోతలకు మనిషిని పెట్టుకుంటే ఏడాదికి పదిహేను వందలు. అంటే చవక బండి రెండో వేసవి సగానికి చేరేసరికే తన ఖర్చు తాను తెచ్చుకుంటుంది. చదునుగా ఉన్న ఎకరం లోపు లాన్‌కు పైతరగతి బండి కొనడం నా దృష్టిలో ముచ్చటే తప్ప అవసరం కాదు. ముచ్చట తప్పని నేననను, దాన్ని పొదుపు అని పిలవవద్దంటాను.

మధ్యలో ఒక దారి ఉంది, దాన్ని మనవాళ్ళు ఎక్కువగా పట్టించుకోరు: వాడిన పైతరగతి బండి. ఇల్లు చిన్నది చేసుకుంటున్న వృద్ధ దంపతులు, నాలుగైదు వందల గంటలు నడిచిన ఎక్స్ సిరీస్ ట్రాక్టరును కొత్త చవక బండి ధరకు కొంచెం ఎక్కువగా అమ్ముతుంటారు. నూనె మార్పిడి రసీదులు దాచి ఉంచినవారి దగ్గర కొంటే అది చాలా మంచి బేరం. కాంట్రాక్టరు వాడి వదిలేసిన రెండువేల గంటల జీరో టర్న్ మాత్రం ఎంత మందం పలకతో చేసినదైనా వద్దు. పరీక్ష విషయంలో ఒక జాగ్రత్త: బండి చల్లగా ఉన్నప్పుడు ఏ ట్రాన్స్‌మిషన్ అయినా వాలు ఎక్కుతుంది. యజమానిని అడిగి అరగంట గడ్డి కోయండి, బాగా వేడెక్కాక వాలు మధ్యలో ఆపి, అక్కడినుంచి మళ్ళీ పైకి కదిలించండి. మూలిగినా, వెనక్కి జారినా నమస్కారం పెట్టి వచ్చేయండి. అరగంట కోయనివ్వని యజమాని దగ్గర అసలు ఆగవద్దు.

పెరట్లో గోంగూర, బెండ, సొరపాదులు వేసే మన కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. లాన్ ట్రాక్టరు వెనక చిన్న ట్రాలీ కట్టి మల్చ్ లాగవచ్చు, ఎరువు చల్లవచ్చు. ఈ ఎర్రమట్టిలో నాగలో, మట్టి తవ్వే పరికరమో కట్టి లాగించారంటే మాత్రం ఆ ట్రాన్స్‌మిషన్‌ను మీరే చేజేతులా చంపినట్టు. మట్టిలో దిగే పనిముట్లకు గార్డెన్ ట్రాక్టరు అనే వేరే తరగతి ఉంది, దాని ఫ్రేము, ఇరుసు వేరు, ధర కూడా వేరు. ఏడాదికి రెండుసార్లు మడి తవ్వడానికి అద్దెకు టిల్లర్ తెచ్చుకోవడమే తెలివి.

బ్యాటరీ బండ్ల గురించి అడుగుతున్నారు. కాలిఫోర్నియాలో 2024 నుంచి తయారయ్యే ఇలాంటి చిన్న ఇంజిన్ల బండ్లు పొగ వదలనివే అయి ఉండాలన్న నిబంధన వచ్చింది కాబట్టి అక్కడి బంధువులకు ఎంపిక సులువు; మనకు ఇక్కడ రెండూ దొరుకుతాయి. డెబ్బై సెంట్ల చదును లాన్‌కు లిథియం బ్యాటరీ బండి చక్కగా సరిపోతుంది, బెల్టులు తక్కువ, కార్బురేటరు బాధ లేదు. పెట్రోలు బండి వాడేవారు మాత్రం పది శాతానికి మించి ఇథనాల్ కలిసిన పెట్రోలు పోయకండి, చలికాలం ముందు పెట్రోలు పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలపండి. వసంతంలో స్టార్టు కాని బండ్లలో ఎక్కువ భాగం ట్యాంకులో పాతబడిన పెట్రోలు వల్లే మొరాయిస్తాయి. చవక, ఖరీదు అనే భేదం అందులో లేదు.

వెనక వరుసలో ఉన్న అమ్మగారు చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు, చెప్పండమ్మా. ... సరే, ప్రశ్న అందరికీ వినిపించేలా చెబుతాను. వారి స్థలం ఎకరం. ముందు భాగం, పక్క భాగం చదును, వెనక పాతిక సెంట్లు వానకాలువ వైపు దిగిపోతుంది, ఫోనుతో కొలిస్తే 18 డిగ్రీలు వచ్చింది. ఆ వాలు కోసం డిఫరెన్షియల్ లాక్ ఉన్న ఏడువేల డాలర్ల ట్రాక్టరు చూపించారట. అమ్మా, 18 డిగ్రీలంటే ఆ బండి మాన్యువల్ కూడా ఒప్పుకోదు, డిఫరెన్షియల్ లాక్ ఉన్నా తడి గడ్డి మీద జారితే జారినట్టే. అక్కడ గడ్డి ఉండవలసిన అవసరమే లేదు. వచ్చే శీతాకాలంలో ఆ వాలు మీద గడ్డి తీసేసి, నేలను కప్పే మొక్కలు, పాకే జూనిపర్ గాని, లిరియోపీ గాని నాటించండి. రెండూ ఈ మట్టిలో బాగా పడతాయి, వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి, రెండో ఏడు దాటాక కలుపు తీయడం తప్ప పని ఉండదు. మొక్కలకూ మనుషులకూ ఖర్చవుతుంది, ఆ ట్రాక్టరుకు అదనంగా పెట్టే నాలుగున్నర వేలను అటు మళ్ళించండి. మిగిలిన చదును లాన్‌కు 42 అంగుళాల వంద సిరీస్ బండి చాలు. మీ గేటు ఎంత వెడల్పో కొలిచారా?